ఎస్టేట్ గ్రామంలో గుర్రాల రాతి తొట్టి కారుతోంది: సిమెంటు పెట్టొచ్చా?

కొలబద్ద
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ వైపు, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు అంచున ఉన్న ఒక ఎస్టేట్ గ్రామం. ఇళ్లూ బడీ కమ్మరి కొట్టూ అన్నీ ఒకే జమీందారీ ఒక పథకం ప్రకారం కట్టించింది. ఊరి నడిమధ్య రోడ్డు పక్కన గుర్రాలు నీళ్లు తాగే రాతి తొట్టి ఉంది. చాలా ఏళ్లుగా అందులో మట్టి పోసి పూలమొక్కలు పెంచారు. ఇప్పుడు మొక్కలు తీసేసి మళ్లీ నీళ్లు నిలపాలని గ్రామ సంఘం నిర్ణయించింది. సంఘం ఒప్పుకోలేదు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు.

కొలతలివి. బయట పొడవు 2.10 మీటర్లు, వెడల్పు 0.75, ఎత్తు 0.60. లోపల 1.86 పొడవు, 0.51 వెడల్పు, 0.42 లోతు. అంతా ఒకే రాయి, గరుకు ఇసుకరాయి. వాళ్లు దాన్ని గ్రిట్‌స్టోన్ అంటారు. రెండు దిమ్మెల మీద నిలబెట్టారు. ముందు వైపు గోడ మధ్యలో వెంట్రుకంత పగులు అంచు నుంచి అడుగు దాకా దిగింది. ఒక కొసన పాత ఇనుప గొట్టం ముక్క, దాని చుట్టూ బూడిద రంగు సిమెంటు. మట్టి తీసి నీళ్లు పోస్తే రాత్రికి రాత్రే మట్టం దిగిపోతోంది. పగులులో సిమెంటు కూరితే సరిపోతుందా?

అలుగు
కొలబద్ద గారూ, సిమెంటు మాట కాసేపు పక్కన పెట్టండి. తొట్టి అంటే రాతి పెట్టె కాదండీ, ఒక చిన్న చెరువు. దానికి నీళ్లొచ్చే దారి, నిండాక పొర్లే అలుగు, ఖాళీ చేసే తూము ఉంటాయి. ఆ మూడూ ఎక్కడున్నాయో తెలియకుండా రాయి మీద చెయ్యి వేయొద్దు.

మీ కొలతలతో ఒక లెక్క. లోపలి అడుగు వైశాల్యం 0.95 చదరపు మీటరు. అంటే మట్టం 1 మి.మీ. దిగితే ఇంచుమించు 1 లీటరు పోయినట్టు. ఈ తొట్టి మనకు చేసిన పెద్ద ఉపకారం ఇదే, స్కేలు చదివితే లీటర్లు తెలిసిపోతాయి.

కారుడు పరీక్ష ఇలా చేయండి.
తొట్టిని అలుగు మట్టం దాకా నింపి ఒక రోజు అలాగే వదిలేయండి. ఎండిన రాయి మొదట్లో నీళ్లు పీలుస్తుంది, ఆ రోజు లెక్క పనికిరాదు. మర్నాడు మళ్లీ నింపి, లోపలి గోడకు స్టీలు స్కేలు నిలువుగా బిగించండి. నిండా నీళ్లున్న బకెట్ ఒకటి తొట్టి పక్కనే పెట్టండి. బకెట్లో తగ్గినంత ఆవిరి లెక్క, దాన్ని తీసేయాలి. రోజూ ఒకే గంటకు చదవాలి. వాన పడితే ఆ రోజు చదువు కొట్టేయండి.

అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో నీళ్లు కలపొద్దు. మట్టం ఎక్కడిదాకా దిగి ఆగుతుందో చూడండి. కారే చోటు కిందికి నీళ్లు దిగవు. పగులే దొంగ అయితే అడుగు దాకా ఖాళీ అవుతుంది. మధ్యలో ఆగితే దొంగ వేరే.

సైట్‌పని
ఇంత తతంగం ఎందుకండీ? లోపల ఎపాక్సీ కోటింగ్ రెండు పూతలు వేస్తే ఓవర్‌హెడ్ ట్యాంకులా బిగిసిపోతుంది. రెండు రోజుల పని. ఖర్చూ తక్కువే.

గచ్చుపని
సైట్‌పని గారూ, కాంక్రీటు ట్యాంకుకు మీరు చెప్పింది సరే. ఇక్కడ కుదరదు. గ్రిట్‌స్టోన్‌కు వెనక నుంచీ కింద నుంచీ కూడా తడి ఎక్కుతుంది. నేల మీద దిమ్మెలు, దిమ్మెల మీద రాయి, తడి పైకి వస్తూనే ఉంటుంది. లోపల ఎపాక్సీ పొర వేస్తే ఆ తడికి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పొర వెనక చేరిన నీళ్లు చలికాలంలో గడ్డకట్టి వ్యాకోచిస్తాయి. నీళ్లు మంచయితే ఘనపరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. పూత ఒక్కటే ఊడదు, రాతి పెచ్చు పట్టుకుని మరీ ఊడుతుంది. ఒకసారి పెచ్చు లేచిన గోడను మళ్లీ మామూలుగా చేయడం ఎవరి తరమూ కాదు.

సిమెంటుదీ అదే జబ్బు. అది రాయి కంటే బిర్రుగా ఉంటుంది, ఎండకూ చలికీ రాయితో కలిసి కదలదు. రాయి ఒక వైపు, సిమెంటు ఒక వైపు లాగితే తెగేది ఆ రెండిటి మధ్య అంచే. ఇప్పుడున్న సిమెంటు చుట్టూ గోరు పెట్టి చూడండి, వెంట్రుకంత సందు కనబడే అవకాశం ఎక్కువ.

సూత్రం ఒకటే. రిపేరుకు వాడే పదార్థం రాయి కంటే మెత్తగా, రాయి కంటే ఎక్కువ ఊపిరి పీల్చేదిగా ఉండాలి. పాడైతే అదే పాడవ్వాలి, రాయి కాదు.

రాతిపొర
మట్టి తీసేశామని రాశారు. ఎలా తీశారో తెలియదు కానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. తొట్టి లోపలి ఘనపరిమాణం సుమారు 0.4 ఘనపు మీటరు. తడి మట్టి నిండితే 700 కిలోలు పైమాటే. నీళ్లయితే 400 కిలోల లోపు. అంటే పూలతొట్టిగా మార్చినప్పుడు దాని మీద బరువు దాదాపు రెట్టింపయింది. పైగా నీళ్లు పొర్లే అలుగు మట్టితో మూసుకుపోతుంది, చలికాలంలో ఆ మట్టి మొత్తం గడ్డకట్టి నాలుగు గోడల్నీ బయటికి తోస్తుంది. నిలువు గోడ మధ్యలో పగులు రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మట్టి తీసేటప్పుడు గునపం వద్దు. చెక్క పారతో పొరలు పొరలుగా తీయాలి. వేర్లు పీకొద్దు, కత్తిరించాలి. పగులులోకి దూరిన వేరును లాగితే అంచు కూడా లేచి వస్తుంది. తీసిన మట్టిని జల్లెడ పట్టండి. పాత తూము మూత, సీసం ముక్క, అంచు నుంచి రాలిన రాతి పెళ్ల దొరికితే దాచండి. ఆ పెళ్ల మళ్లీ అతుక్కుంటుంది.

ఇక దిమ్మెలు. ఇంత పొడుగు రాతిని రెండు ఆధారాల మీద నిలబెడితే ఒక్కో కొస నుంచి పొడవులో అయిదో వంతు దగ్గర ఆధారం ఉండాలి. మీ తొట్టికి కొస నుంచి 43 సెంటీమీటర్లు. అప్పుడు మధ్యలో వంగే బలం, కొసల్లో వంగే బలం సమానమై రాతి మీద ఒత్తిడి అతి తక్కువగా ఉంటుంది. దిమ్మెలు మరీ కొసలకు జరిపి ఉన్నాయా చూడండి. మధ్యలో మూడో రాయి ఎవరైనా "సాయానికి" తోసి ఉంటే వెంటనే చెప్పండి. రెండు కొసలూ కాస్త దిగితే ఆ మధ్య రాయి మీద తొట్టి ఊగుతుంది. రాయి నొక్కుడుకు ఎంత బలమో లాగుడుకు అంత బలహీనం.

పటంపెట్టె
ఈ తొట్టి ఎప్పటిదో తేల్చుకుంటే మిగతా పనులు సులువవుతాయి. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల మైలుకు 25 అంగుళాల పటాలు, అంటే 1:2500 కొలతవి, 1850ల నుంచి వచ్చాయి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ పటాల్లో తొట్టిని రెండక్షరాల సంక్షిప్తంతో గుర్తిస్తారు, బావికీ పంపుకీ ఊటకీ వేర్వేరు అక్షరాలుంటాయి. ఒక ముద్రణలో లేకుండా తర్వాతి ముద్రణలో ఉంటే ఆ మధ్యకాలంలో వచ్చినట్టు. తొట్టితోపాటు పక్కన ఊట గుర్తు, ఎగువన చిన్న జలాశయం, కమ్మరి కొట్టు ఎక్కడున్నాయో కూడా రాసుకోండి. నీళ్లదారి అక్కడే దొరుకుతుంది.

ఇలాంటి ఊళ్లు ఒకే కాలానివి కావు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో న్యూనమ్ కోర్ట్నీ 1760లలో కట్టారు. డోర్సెట్‌లో మిల్టన్ అబ్బాస్ 1780 ప్రాంతం. డెర్బీషైర్‌లోనే చాట్స్‌వర్త్ భవనం పక్కనున్న ఎడెన్సర్‌ను ఆరో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కాలంలో, 1838 నుంచి 1842 వరకు, జోసెఫ్ పాక్స్టన్ ఆధ్వర్యంలో తిరగకట్టారు. కాబట్టి ఊరు పుట్టిన తేదీ తొట్టి తేదీ అనుకోవద్దు. విక్టోరియా రాణి జూబిలీలకు, 1887లోనూ 1897లోనూ, ఊరూరా తొట్లూ ఫౌంటెన్లూ పెట్టారు. అంచు మీద చెక్కిన అక్షరాలు ఉన్నాయేమో పొద్దుటి ఏటవాలు ఎండలో చూడండి. మధ్యాహ్నం కనబడని గీత ఉదయం ఏడింటికి కనబడుతుంది. రాత్రి టార్చిని రాతికి ఆనించి పక్క నుంచి కొట్టినా అంతే.

కొలబద్ద
@పటంపెట్టె గారూ, ఇది లండన్ కాటిల్ ట్రఫ్ అసోసియేషన్ (పశువుల నీటి తొట్ల సంఘం) వాళ్ల తొట్టి అని ఒకాయన గట్టిగా అంటున్నారు. నిజమేనా?

పటంపెట్టె
కాదనిపిస్తోంది. ఆ సంఘాన్ని 1859లో శామ్యూల్ గర్నీ అనే పార్లమెంటు సభ్యుడు, ఎడ్వర్డ్ వేక్‌ఫీల్డ్ అనే న్యాయవాది స్థాపించారు. మొదట మనుషుల తాగునీటి కోసమే. తొలి ఫౌంటెన్ 1859 ఏప్రిల్ 21న లండన్‌లో సెయింట్ సెపల్కర్ చర్చి ప్రహరీలో తెరిచారు. పశువుల తొట్లు కూడా మొదలుపెట్టాక 1867లో పేరులో "కాటిల్ ట్రఫ్" చేర్చుకున్నారు. వాళ్ల తొట్లలో నిలిచి ఉన్నవి ఎక్కువగా గ్రానైటువి, పక్కన సంఘం పేరు పెద్ద అక్షరాలతో చెక్కి ఉంటుంది, కింద కుక్కలకు చిన్న తొట్టి ఉంటుంది. మీది గ్రిట్‌స్టోన్, స్థానిక రాయి, అక్షరాలు ఉన్నాయని మీరు రాయలేదు. ఎస్టేట్ రాతిపనివాళ్లే చెక్కి ఉండాలి.

మాట వచ్చింది కాబట్టి మనవాళ్లకు ఒక ముక్క. ఆ సంఘం తరఫున రాబర్ట్ కీర్ల్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఫౌంటెన్ ఒకటి హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చ్ దగ్గర 1867లో కట్టారు. డబ్బు ఇచ్చింది విజయనగరం మహారాజా. 1964లో దాన్ని తీసేశారు. రీజెంట్స్ పార్కులో బొంబాయి పార్సీ దాత కావస్‌జీ జహంగీర్ రెడీమనీ ఇచ్చిన 1869 నాటి ఫౌంటెన్ మాత్రం నిలిచే ఉంది. దాన్ని గీసిందీ ఈ కీర్ల్‌గారే. విజయనగరంది పోయిందంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

మత్తడి
@అలుగు అన్నా, మా వైపు దాన్ని మత్తడి అంటం, పేరు వేరైనా పని ఒక్కటే.

నీళ్ల సంగతి నేను చెప్తా. ఎస్టేట్ ఊళ్లల్ల తొట్టికి నీళ్లు సాధారణంగా రెండు తీర్లు. ఎగువ ఊట నుంచి వాలు మీద గొట్టం, లేదంటే దిగువ వాగు నుంచి హైడ్రాలిక్ ర్యామ్. ర్యామ్‌కు కరెంటు, ఇంజను ఏమీ అక్కర్లేదు. పారే నీళ్లు చటుక్కున ఆగినప్పుడు పుట్టే ఒత్తిడితోనే కొంచెం నీళ్లు పైకి కొడుతది. 1772లో జాన్ వైట్‌హర్స్ట్ చేతితో తిప్పే రకం కట్టిండు, 1796లో ఫ్రాన్స్‌ల మోంగోల్ఫియే దానంతట అదే కొట్టుకునే రకం తెచ్చిండు.

లెక్క ఇట్ల చేయాలె. నిమిషానికి 30 లీటర్లు, 3 మీటర్ల దిగుడు, 20 మీటర్ల ఎత్తుకు ఎక్కాలె, సామర్థ్యం 60 శాతం అనుకోండి. 30ని 3తో, 0.6తో గుణించి 20తో భాగిస్తే నిమిషానికి 2.7 లీటర్లు. రోజుకు దాదాపు 3,900 లీటర్లు. పని చేసే గుర్రం ఒక్కటి రోజుకు 45 లీటర్లు తాగుతది అనుకున్నా 86 గుర్రాలకు సరిపోతది. అందుకే అంత చిన్న ధార చూసి "ఇదేం సరిపోతది" అనొద్దు. రాత్రంతా పడుతనే ఉంటది.

మీ తొట్టి కొసన ఉన్న ఇనుప గొట్టం తర్వాత పెట్టింది కావచ్చు. అసలు ధార పైనుంచి, రాతి గోడలోని చిమ్ము నుంచి పడేదేమో వెనక గోడల చూడండి. పాత గొట్టం సీసందైతే బూడిద రంగుల మెత్తగ ఉంటది, గోటితో గీస్తే మెరుస్తది. అట్లాంటిది కనబడితే ఆ నీళ్లు మనుషులకు పనికిరావు. బ్రిటన్‌ల తాగునీటి సీసం పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. పరీక్ష చేయించకుండ "తాగొచ్చు" అని బోర్డు పెట్టొద్దు.

కొలబద్ద
పరీక్ష ఫలితాలు ఇవిగో. అలుగు గుర్తు అడుగు నుంచి 370 మి.మీ. దగ్గర దొరికింది. వెనక గోడలో అరచేయంత గాడి, పూర్తిగా నాచుతో మూసుకుపోయి ఉంది. ఆవిరి తీసేశాక మొదటి రోజు 27 మి.మీ. దిగింది, రెండో రోజు 24, మూడో రోజు 21. అలా తగ్గుతూ తొమ్మిదో రోజు తర్వాత అడుగు నుంచి 240 మి.మీ. దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు కదల్లేదు. మధ్య పగులు బయట మాత్రం పొడిగానే ఉంది. ఇనుప గొట్టం కింది అంచు సరిగ్గా 240 దగ్గరే.

అలుగు
చూశారా! పగులు అడుగు దాకా ఉంది, నీళ్లు 240 దగ్గర ఆగాయి. కాబట్టి కారేది పగులు కాదు, గొట్టం చుట్టూ ఉన్న సిమెంటు అంచు. రోజురోజుకీ తగ్గడం కూడా సాక్ష్యమే. నీటి మట్టం రంధ్రం దగ్గరకు వచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి ధార సన్నబడుతుంది. మొదటి రోజు పోయింది 26 లీటర్లు. అంత ధార వెంట్రుక పగులు నుంచి వస్తే బయట తడి చార కనబడి తీరాలి.

పగులును సిమెంటుతో కూరి ఉంటే డబ్బూ పోయేది, కారుడూ ఆగేది కాదు, రాయీ చెడేది.

గచ్చుపని
ఇక ఆ రంధ్రం పని. ఓపికగా చేస్తే రెండు పూటల పని, ఆరడానికి మాత్రం వారాలు కావాలి.

ముందు ఇనుప గొట్టాన్ని రాతి ముఖానికి అరంగుళం బయట హాక్సా బ్లేడుతో కోయండి. గ్రైండర్ వద్దు, నిప్పురవ్వలు రాతిలో దిగి తర్వాత తుప్పు మచ్చలవుతాయి. సిమెంటు మీద 5 మి.మీ. బిట్‌తో వరసగా చిల్లులు వేయండి, సుత్తి మోడ్ ఆపేసి. చిల్లులు సిమెంటులోనే, రాతికి 5 మి.మీ. ఎడంగా ఉండాలి. తర్వాత సన్న ఉలితో చిల్లుల మధ్య గోడలు పగలగొడితే సిమెంటు పెళ్లలుగా వస్తుంది. రాయిని అంటుకున్న చివరి పొర రాకపోతే వదిలేయండి. పంతం పడితే రాతి అంచు పోతుంది. గొట్టం వదులయ్యాక మెల్లగా తిప్పుతూ లాగండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని పట్టేస్తుంది, సమ్మెట దెబ్బ కొడితే కొస పగులుతుంది.

రంధ్రం మూతకు అదే రకం రాతితో గుండ్రటి బిరడా చెక్కించండి. స్టాంటన్ మూర్ వైపు క్వారీల్లో గ్రిట్‌స్టోన్ ఇంకా తీస్తున్నారు. గింజ పరిమాణం, రంగు రెండూ సరిపోయే ముక్క అడగాలి. బిరడా చుట్టూ 6 నుంచి 8 మి.మీ. సందు ఉండాలి. అంతకంటే బిగుతైతే సున్నం లోపలికి వెళ్లదు.

సున్నం పాళ్లు: నీటిలో గట్టిపడే సహజ సున్నం, అక్కడి బస్తాల మీద ఎన్‌హెచ్‌ఎల్ 5 అని రాసి ఉంటుంది, ఒక పాలు. కడిగిన గరుకు ఇసుక రెండు పాళ్లు. ఎప్పుడూ నీళ్లలో మునిగే చోటు కాబట్టి 5 రకం, లేకపోతే 3.5 చాలు. నీళ్లు అతి తక్కువ. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య కారకూడదు. మన గచ్చుపనిలో ఇటుక సురకి కలిపినట్టు ఇక్కడా కొందరు కలుపుతారు. ఈ రకం సున్నానికి అది తప్పనిసరి కాదు.

రంధ్రం గోడల్ని ముందు రోజు నుంచీ తడుపుతూ ఉండాలి, కానీ సున్నం పెట్టేటప్పుడు నీటి మెరుపు ఉండకూడదు. బిరడాకు చుట్టూ సున్నం పట్టించి, తిప్పుతూ తోసి, మిగిలిన సందును సన్న తాపీతో రెండు వైపుల నుంచీ కూరండి. గట్టిపడటం మొదలయ్యాక బిర్రు కుంచెతో కొట్టి బిగించండి. గోనెగుడ్డ తడిపి కప్పి, కనీసం 7 రోజులు ఆరనివ్వొద్దు. ఎండ తగిలినా గాలి తగిలినా పైపొర పొడి రాలుతుంది, సున్నం పని చెడేదంతా ఇక్కడే. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు పడే రోజుల్లో పని ఎత్తుకోవద్దు. డెర్బీషైర్‌లో అంటే మే నుంచి సెప్టెంబరు దాకానే. నీళ్లు నాలుగు వారాల తర్వాత, అదీ ఒకేసారి కాదు. రోజుకు 100 మి.మీ. చొప్పున పెంచండి.

రాతిపొర
మధ్య పగులుకు ఇప్పుడేమీ చేయొద్దంటాను. పగులుకు అడ్డంగా ఒక చిన్న గాజు పలక అతికించి అది విరుగుతుందేమో చూడటం పాత పద్ధతి. దానికి బదులు పగులు కదలికను కొలిచే గేజీ పెట్టి ఏడాది చూడండి. వేసవికీ చలికాలానికీ తేడా ఎంతో నెలకోసారి రాసుకోవాలి. కదలకపోతే అలాగే వదిలేయొచ్చు. కదులుతుంటే తప్పు పగులులో కాదు, కింద దిమ్మెల్లో ఉంటుంది. ముందు అది చూడాలి.

ఎవరైనా ఇనుప పట్టీ వేసి సీసం పోద్దామంటే గట్టిగా ఆపండి. పాతకాలం పనే కానీ, తడి రాతి గుంటలో కరిగిన సీసం పోస్తే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై సీసం ముఖం మీదికి చిమ్ముతుంది. ఇనుము ఎలాగూ తుప్పు పట్టి ఉబ్బుతుంది. కట్టు తప్పనిసరైతే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అదీ రాతి సంరక్షణ తెలిసినవాళ్ల చేత.

దస్తావేజు
పని మొదలుపెట్టే ముందు కాగితాలు. ఇంగ్లండ్ వారసత్వ కట్టడాల జాబితాలో ఆ తొట్టి ఉందేమో హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఇలాంటివి సాధారణంగా గ్రేడ్ 2లో ఉంటాయి. తొట్టి పేరు విడిగా లేకపోయినా, జాబితాలో ఉన్న ఇంటి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉంటే ఆ ఇంటితోపాటే దానికీ రక్షణ వర్తిస్తుంది. అనుమతి లేకుండా దాని స్వరూపం మార్చడం జాబితా కట్టడాల 1990 చట్టం ప్రకారం నేరం. జరిమానా ఒక్కటే కాదు, జైలు కూడా పడొచ్చు.

ఉన్నది ఉన్నట్టు చేసే మరమ్మతుకు చాలాసార్లు అనుమతి అక్కర్లేదు. కానీ "అక్కర్లేదు" అని మీరు అనుకోవడం వేరు, అధికారి కాగితం మీద రాసివ్వడం వేరు. ఊరు నేషనల్ పార్కు హద్దు లోపల ఉంటే ప్లానింగ్ అధికారం జిల్లా కౌన్సిల్‌ది కాదు, పార్కు అథారిటీది. హద్దు పక్కనే ఉన్న ఊరు కాబట్టి ముందు పటం చూసుకోండి. తొట్టి ఎవరిదో కూడా తేల్చండి: ఎస్టేట్‌దా, గ్రామ సంఘానిదా, రోడ్ల శాఖదా. తొట్టి ఒకరిదీ నేల ఇంకొకరిదీ కావచ్చు.

ఊట నీళ్లు కాకుండా కుళాయి కనెక్షన్ ఇస్తే 1999 నీటి అమరికల నిబంధనలు వర్తిస్తాయి. పశువుల తొట్టి నీళ్లు అయిదో తరగతి, అంటే అత్యంత ప్రమాదకరమైన తరగతి. తొట్టి నీళ్లు ఊరి గొట్టంలోకి వెనక్కి పీల్చుకోకుండా కుళాయి మూతికీ తొట్టిలో పొర్లే మట్టానికీ మధ్య గాలి సందు తప్పనిసరి. గొట్టం మూతి నీళ్లలో మునిగి ఉండటం అస్సలు కుదరదు.

నాడా
గుర్రాల వైపు నుంచి రెండు మాటలు. నీళ్లు నిలిపాక నిజంగానే గుర్రపు స్వారీవాళ్లు వస్తారు, ఆ దారుల్లో స్వారీలు ఎక్కువ. ఉమ్మడి తొట్టి ద్వారా జబ్బులు పాకుతాయి. పాతకాలంలో గ్లాండర్స్ భయం, ముక్కు నుంచి కారే చీము నీళ్లలో కలిసి ఒక గుర్రం నుంచి ఇంకోదానికి అంటేది. బ్రిటన్‌లో 1928 నాటికి దాన్ని నిర్మూలించారు. ఇప్పటి బెడద స్ట్రాంగిల్స్, గొంతు గ్రంథులు వాచి చీము పట్టే జబ్బు. నీళ్లు నిలవ ఉంటే ప్రమాదం ఎక్కువ. అందుకే ధార ఆగకుండా పడి అలుగు పొర్లుతూ ఉండాలి. నిమిషానికి 4 లీటర్ల ధార ఉంటే మీ తొట్టిలోని 350 లీటర్లు గంటన్నరలో మారతాయి. దగ్గర్లోని గుర్రపు శాలలకు ముందే చెప్పి, ఎక్కడైనా జబ్బు కనబడిందంటే ఆ రోజే తొట్టి ఖాళీ చేసే ఏర్పాటు పెట్టుకోండి.

ఎత్తు సంగతి. బండికి కట్టిన గుర్రాన్ని విప్పకుండా తాగించడానికే ఈ తొట్లు. మెడను పైకి లాగి కట్టే పగ్గం ఉన్న గుర్రం నేల దాకా తల వంచలేదు. అంచు ఇప్పుడు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? మరీ కిందికి అనిపిస్తే తొట్టి దిగలేదు, రోడ్డు పెరిగింది. తారు మీద తారు పోస్తూ పోతే ఊరంతా ఇదే తంతు.

కొలబద్ద
అంచు 66 సెంటీమీటర్లు. తొట్టి ఎత్తే 60 కదా, అంటే దిమ్మెలు బయటికి 6 సెంటీమీటర్లే కనబడుతున్నాయి.

రాతిపొర
అయితే దిమ్మెల్లో చాలా భాగం పూడిపోయి ఉండాలి. ముందు వైపు ఒక చిన్న గుంట, 40 సెంటీమీటర్ల చదరం, చేత్తో తవ్వి చూడండి. గుర్రాలు నిలబడే చోట రాళ్లు పరిచిన నేల తగలొచ్చు. తగిలితే ఇంకా తవ్వకుండా ఫోటోలు తీసి దస్తావేజు గారు చెప్పిన అధికారికి చూపించండి.

సైట్‌పని
అయితే తొట్టిని ఎత్తి దిమ్మెలు సరిచేసి మళ్లీ పెట్టేయొచ్చు కదా? బరువెంత ఉంటుంది?

రాతిపొర
బయటి ఘనపరిమాణం 0.945, లోపలిది 0.398, రాయి 0.547 ఘనపు మీటరు. గ్రిట్‌స్టోన్‌ను ఘనపు మీటరుకు 2.35 టన్నులు అనుకుంటే 1.3 టన్నులు. ఎత్తడం పెద్ద కష్టం కాదు, పగలకుండా ఎత్తడమే కష్టం. అవసరం రుజువయ్యే దాకా ఎత్తొద్దు, ఎత్తడానికి అనుమతి కూడా కావాలి. తప్పనిసరైతే పూర్తిగా ఖాళీ చేసి, కొసల నుంచి 43 సెంటీమీటర్ల దగ్గర రెండు వెడల్పు నైలాన్ పట్టీలు అడుగు నుంచి చుట్టి, పట్టీలు అంచుల్ని లోపలికి నొక్కకుండా పైన అడ్డ దూలం పెట్టాలి. అంచుల మీద చెక్క ముక్కలు, పగులు ఉన్న గోడకు లోపలా బయటా చెక్క బిగింపు. గొలుసులు వద్దు. లోపల జాకీ పెట్టి ఎత్తొద్దు. లారీ క్రేన్‌తో అయితే చెయ్యి ఎంత దూరం చాచితే అంత బలం తగ్గుతుంది, ఆ దూరానికి 2 టన్నులు మోస్తుందో లేదో క్రేన్ పట్టిక చూసి అడగండి.

సైట్‌పని
అర్థమైంది. ఎపాక్సీ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొలబద్ద
దస్తావేజు గారు చెప్పినట్టు అధికారికి ఉత్తరం వెళ్లింది, పరీక్ష పట్టిక జతచేశాం. ఇంకో రెండు ప్రశ్నలు. నాచు కడగడానికి ప్రెషర్ వాషర్ వాడొచ్చా? చలికాలంలో నీళ్లు ఉంచాలా, తీసేయాలా?

గచ్చుపని
ప్రెషర్ వాషర్ వద్దు, యాసిడ్ వద్దు. గింజల మధ్య బంధం ఊడి రాయి ముఖం ఇసుకలా రాలుతుంది, పాత ఉలి గాట్లు పోతాయి. మామూలు నీళ్లు, కొబ్బరి పీచు కుంచె చాలు. బయటి ముఖం మీద మచ్చల్లా అతుక్కుని పెరిగే లైకెన్ జోలికి వెళ్లొద్దు, దాని వల్ల నష్టం లేదు. లోపల అలుగు గాడి, తూము మాత్రం శుభ్రంగా ఉండాలి.

అలుగు
చలికాలం సంగతి: ధార ఆగకుండా పడుతుంటే ఉంచండి, కదిలే నీళ్లు గట్టిగా గడ్డకట్టవు. ధార ఆగితే ఆ రోజే తూము తీసి ఖాళీ చేయండి. నిలవ నీళ్లు అడుగు దాకా గడ్డకడితే పూలమట్టి చేసిన పనే చేస్తాయి. లోపల ఒక వాలు రాయి పెట్టండి, పడిన కప్పలు, ముళ్ల ఎలుకలు (హెడ్జ్‌హాగ్‌లు) ఎక్కి బయటపడతాయి. ఆ రాయి తూము మూత మీద పడకుండా చూసుకోండి.

మత్తడి
తూముకు రబ్బరు బిరడా పెట్టొద్దు, చలికి బిర్రుగై కారుతది. చెక్కనే మేలు. ఎల్మ్ గాని ఆల్డర్ గాని, ఎప్పుడూ నీళ్లల్ల ఉంటే ఏండ్లకేండ్లు కుళ్లవు. పొడవు 15 సెంటీమీటర్లు పెట్టి, ప్రతి 10 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు సన్నగయ్యేటట్టు చెక్కించండి. పెట్టే ముందు రెండు రోజులు నీళ్లల్ల నానబెట్టి, చేత్తోనే తిప్పి బిగించాలె. ఎండిన చెక్కను సుత్తితో కొట్టి పెడితే నీళ్లు తాగి ఉబ్బి తూము చుట్టూ రాయి చీలుస్తది.

కొలబద్ద
ఆల్డర్ దొరికింది. తూము రంధ్రం కొలిచి పైవైపు, కిందివైపు వ్యాసాలు రేపు పెడతాను.